టాన్సిల్స్‌కి లేజర్ చేయించుకోమంటున్నారు, చేయించుకోనా?

ప్రశ్న: నా వయసు 31. టీచర్‌ని. మూడేళ్లుగా టాన్సిల్స్‌లో తెల్లటి ఉండల్లాంటివి వస్తున్నాయి. దగ్గినప్పుడు ఊడి నోట్లోకి వస్తుంటాయి. భరించలేని వాసన. ఎన్నిసార్లు బ్రష్ చేసుకున్నా నోరు వాసన వస్తోందేమో అనే టెన్షన్‌తో ఎవరి పక్కనా నిలబడి మాట్లాడలేకపోతున్నాను. ఏడాదికి రెండుసార్లు గొంతు నొప్పి, జ్వరం కూడా వస్తాయి. ఈమధ్య ఒక క్లినిక్‌లో చూపిస్తే, లేజర్‌తో పావుగంటలో అయిపోతుంది, నొప్పి ఉండదు, రక్తం రాదు, మర్నాడే పనికి వెళ్లొచ్చు అన్నారు. నాకు ఆపరేషన్ అంటే భయం, అందుకే ఇదే మేలనిపిస్తోంది. నిజంగా అంత తేలికా? ఆరేళ్ల మా బాబుకి టాన్సిల్స్ పెద్దవిగా ఉన్నాయి, రాత్రిళ్లు గురక పెడతాడు. వాడికి కూడా లేజరే చేయించొచ్చా? అన్నట్టు, నాకు కుడివైపు టాన్సిల్ ఎడమవైపు దానికంటే పెద్దగా కనిపిస్తోంది. దానివల్ల ఇబ్బందేమీ లేదు.

సమాధానం: మీరు చివర్లో "అన్నట్టు" అంటూ రాసిన మాట దగ్గర మొదలుపెడతాను. మిగతా ప్రశ్నలన్నింటికంటే ముందు తేలాల్సింది అదే.

కంగారు పడకండి. ఒకవైపు టాన్సిల్ పెద్దగా కనిపించడం చాలామందిలో ఉండేదే. ఒక్కోసారి రెండూ ఒకే సైజులో ఉన్నా, ఒకటి కండరంలోకి ఒదిగి, ఇంకోటి ముందుకు పొడుచుకొచ్చి ఉంటుంది. లోపల పెద్ద రాయి దాక్కున్నా, పాత ఇన్ఫెక్షన్ల మచ్చలు ఉన్నా తేడా కనిపిస్తుంది. కానీ పెద్దవాళ్లలో ఈ తేడా కొత్తగా వచ్చినా, పెరుగుతూ పోతున్నా తేలిగ్గా తీసుకోకూడదు. అరుదుగానే అయినా, టాన్సిల్‌లో వచ్చే క్యాన్సర్, లింఫోమా అనే ఇంకో రకం క్యాన్సర్ ఇలాగే, నొప్పి లేకుండానే మొదలవుతాయి. అద్దంలో చూసుకుంటే సరిపోదు. ఈఎన్‌టీ డాక్టర్ గ్లవ్ వేసుకుని టాన్సిల్ మీద వేలు పెట్టి నొక్కి చూడాలి. మామూలు టాన్సిల్ స్పాంజిలా మెత్తగా తగులుతుంది. గట్టిగా, రాయిలా తగిలితే ఆలోచించాలి. దవడ కింద, మెడ పక్కన గడ్డలేమైనా ఉన్నాయేమో తడిమి చూడాలి. మెడలో గడ్డ వచ్చి రెండు మూడు వారాలైనా తగ్గకపోవడం, ఒకవైపు చెవిపోటు, ఉమ్మిలో రక్తం, కారణం లేకుండా బరువు తగ్గడం, టాన్సిల్ మీద మానని పుండు, వీటిలో ఏ ఒక్కటి ఉన్నా రేపటికి వాయిదా వేయొద్దు.

దీనికీ లేజర్‌కీ సంబంధమేమిటంటారా? లేజర్ టాన్సిల్ పైభాగాన్ని ఆవిరి చేసేస్తుంది. ఆవిరైపోయిన కండను ల్యాబ్‌కి పంపలేం. అనుమానం ఉన్న టాన్సిల్‌ని పూర్తిగా, చెక్కుచెదరకుండా తీసి బయాప్సీకి పంపాలి. పైపైన కాల్చేస్తే అసలు సంగతి తెలిసే దారే మూసుకుపోతుంది. కాబట్టి ఆ క్లినిక్‌లో మీ కుడి టాన్సిల్‌ని వేలితో నొక్కి చూశారా, లేక టార్చ్ వేసి చూసి ప్యాకేజీ చెప్పేశారా అనేది గుర్తుచేసుకోండి. రెండోదే అయితే ఇంకో డాక్టర్‌కి చూపించుకోండి.

ఇక మీ అసలు ప్రశ్న. "కత్తితో ఆపరేషన్ చేశారు" అంటే ఏ ఆపరేషనో ఎలా తెలియదో, "లేజర్ చేశారు" అన్నా అంతే. లేజర్ అనేది పరికరం. దాంతో టాన్సిల్‌కి మూడు వేర్వేరు పనులు చేయొచ్చు, మూడింటి ఫలితమూ ఒకటి కాదు. మీరు ముందుగా అడగాల్సింది "నా టాన్సిల్‌ని ఏం చేస్తారు?" అని.

మీ సమస్యకి సరిపడేది ఆ మూడింటిలో చిన్నది. అది అర్థం కావాలంటే టాన్సిల్ ఎలా ఉంటుందో కాస్త చెప్పాలి. పైకి నున్నగా కనిపించినా, టాన్సిల్ నిండా లోతైన గుంతలుంటాయి. ఒక్కోదానిలో పది నుంచి ముప్పై దాకా. కొన్ని లోపల కొమ్మలుగా చీలి, సొరంగాల్లా టాన్సిల్ అడుగు దాకా పోతాయి. రాలిన చర్మకణాలు, తిండి తునకలు, బ్యాక్టీరియా అన్నీ అందులో చేరి, గాలి తగలని చోట కుళ్లి, మెల్లగా సున్నం పట్టి గట్టిపడతాయి. అవే మీరు చెప్పిన ఉండలు. టాన్సిల్ రాళ్లు అంటాం. ఆ వాసన గంధకం వాయువులది, కుళ్లిన గుడ్డు వాసనకి కారణమైన హైడ్రోజన్ సల్ఫైడ్ కూడా వాటిలో ఉంటుంది. మీరు శుభ్రంగా ఉండకపోవడం వల్ల వచ్చిన జబ్బు కాదిది. గుంతల తీరే అంత. ఈ విషయంలో సిగ్గుతో కుంగిపోయేవాళ్లని చాలామందిని చూశాను కాబట్టి గట్టిగా చెబుతున్నాను.

లేజర్‌తో ఈ గుంతల నోళ్లని వెడల్పు చేసి, లోతు తగ్గించి, చదునుగా చేస్తారు. ఇరుకు మూతి సీసా పైభాగం తీసేస్తే గిన్నెలా మారినట్టన్నమాట. ఏదైనా చేరినా అక్కడే నిలవ ఉండదు, నీళ్లు తాగినప్పుడు కొట్టుకుపోతుంది. దీన్నే క్రిప్టోలైసిస్ అంటారు. టాన్సిల్ దాదాపు అలాగే ఉండిపోతుంది.

దీనికి ఎక్కువగా వాడేది కార్బన్ డయాక్సైడ్ లేజర్. భారత్‌లో పుట్టిన శాస్త్రవేత్త కుమార్ పటేల్ 1964లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో దీన్ని కనిపెట్టారు. 1970ల మొదట్లోనే గొంతు ఆపరేషన్లలోకి వచ్చింది. అంటే క్లినిక్ ప్రకటనల్లో చెప్పినంత సరికొత్త వింతేమీ కాదు, యాభై ఏళ్లుగా డాక్టర్ల చేతిలో ఉన్న పరికరం. దీని కిరణం తరంగదైర్ఘ్యం 10,600 నానోమీటర్లు, కంటికి కనిపించదు. ఎక్కడ పడుతుందో తెలియడం కోసం పక్కనే ఎర్రటి చుక్కలాంటి వెలుగు వేస్తారు. ఈ కిరణాన్ని నీళ్లు ఇట్టే పీల్చుకుంటాయి. మన కండలో ఎక్కువ భాగం నీరే కదా, కిరణం తగిలిన చోట ఆ నీరు క్షణంలో మరిగి ఆవిరవుతుంది. వేడి మిల్లీమీటర్‌లో చిన్న వంతు లోతుకే పోతుంది. అందుకే పొరలు పొరలుగా చెక్కినట్టు పనిచేయొచ్చు. డయోడ్ లేజర్ అనే ఇంకో రకం ఉంది, అది అలా కాదు. సన్నటి ఫైబర్ ద్వారా ఎక్కడికైనా తీసుకెళ్లొచ్చు, రక్తాన్ని బాగా ఆపుతుంది, కానీ వేడి ఇంకా లోతుకి దిగుతుంది. పెద్దవాళ్లలో టాన్సిల్‌కి సుమారు రెండున్నర సెంటీమీటర్ల వెనక, పక్కగా మెదడుకి రక్తం తీసుకెళ్లే పెద్ద ధమని ఉంటుంది. లోతు గురించి నేనింత పట్టుబట్టేది అందుకే. ఏ లేజర్ వాడతారు, వాడేవాళ్లు ఈఎన్‌టీ సర్జనేనా అని అడగడం మీ హక్కు.

క్రిప్టోలైసిస్ ఎలా ఉంటుందో చెబుతాను, అప్పుడు మీ భయం కొంత తగ్గుతుంది. కుర్చీలో నిటారుగా కూర్చోబెడతారు. మీకూ, గదిలో ఉన్న అందరికీ కళ్లద్దాలు పెడతారు. గొంతులో తిమ్మిరెక్కే మందు స్ప్రే చేస్తారు. అది చేదుగా ఉంటుంది, కొన్ని నిమిషాలకి గొంతులో ఏదో ముద్ద ఉన్నట్టూ గుటక పడనట్టూ అనిపిస్తుంది. గుటక పడుతూనే ఉంటుంది, తెలియదంతే. తర్వాత టాన్సిల్ చుట్టూ ఇంజెక్షన్. ఆపైన నాలుకని కిందికి నొక్కి, ఊపిరి బిగబట్టమనో, మెల్లగా వదలమనో చెబుతూ, ఆ కాసేపే కిరణం వేస్తారు. పొగ మీ ఊపిరితిత్తుల్లోకి పోకూడదని అలా. పక్కనే ఒక గొట్టం ఆ పొగని పీల్చేస్తుంటుంది. కాలిన వెంట్రుకల వాసన వస్తుంది. చాలామంది ఆ వాసనకే బెదిరిపోతారు, ముందే తెలిస్తే బెదరరు. కాసేపు ఆపుతారు, మీరు ఉమ్మేస్తారు, మళ్లీ మొదలు. రెండువైపులా కలిపి పావుగంట, ఇరవై నిమిషాలు. ఈ ఒక్క విషయంలో క్లినిక్ వాళ్లు చెప్పింది నిజమే.

అయితే నాలుక మీద పుల్ల పెట్టగానే వాంతి వచ్చేవాళ్లకి కుర్చీలో ఇది కుదరదు. ఇంట్లో చెంచా కాడతో నాలుక వెనకభాగాన్ని మెల్లగా నొక్కుకుని చూడండి, మీకే తెలుస్తుంది.

"నొప్పి ఉండదు" అన్నది మాత్రం సగం నిజం. చేసేటప్పుడు ఉండదు. మందు దిగాక గట్టి గొంతు నొప్పిలా మొదలై కొన్ని రోజులు, కొందరికి వారం దాకా ఉంటుంది. రోజంతా గొంతెత్తి మాట్లాడే ఉద్యోగం మీది. మర్నాడే క్లాసుకి వెళ్లాలనే ఆలోచన పెట్టుకోకండి, నాలుగైదు రోజులు సెలవు పెట్టండి. "రక్తం రాదు" అన్నది కూడా, తక్కువగా వస్తుంది అంటే సరైన మాట. చిన్న రక్తనాళాలని లేజర్ అప్పటికప్పుడు మూసేస్తుంది. కానీ మానే దశలో, పైపొర ఊడే రోజుల్లో రక్తం వచ్చే అవకాశం కొద్దిగా ఉంటుంది. వాళ్లు చెప్పని ఇంకో సంగతి, ఒక్కసారితో అందరికీ తగ్గదు. కొన్ని గుంతలు మిగిలిపోతాయి, కొన్ని మచ్చకట్టి మళ్లీ మూతి బిగుసుకుంటాయి. రెండోసారి అవసరం పడొచ్చు. ఆ రెండోసారి ఖర్చు ప్యాకేజీలో ఉందో లేదో ముందే మాట్లాడుకోండి.

రెండో పని, టాన్సిల్‌ని పూర్తిగా తీయకుండా ముందుకు పొడుచుకొచ్చిన భాగాన్ని తొలగించడం. టాన్సిలోటమీ అంటారు. కింద కండరాన్ని కప్పి ఉంచే పలచటి పొరని వదిలేస్తారు కాబట్టి నొప్పి తక్కువ. దీని మీద నెదర్లాండ్స్‌లో దాదాపు 200 మంది పెద్దవాళ్లతో జరిగిన అధ్యయనం 2022లో వెలువడింది. కొందరికి స్థానికంగా మత్తిచ్చి లేజర్‌తో టాన్సిలోటమీ, మిగతావాళ్లకి పూర్తి మత్తులో టాన్సిల్స్ మొత్తం తీసేయడం. లేజర్ వాళ్లు త్వరగా కోలుకున్నారు, వాళ్లలో రక్తస్రావం కూడా తక్కువ. కానీ ఆరు నెలల తర్వాత చూస్తే, పాత ఇబ్బంది మిగిలిపోయినవాళ్లు లేజర్ వైపే ఎక్కువ. తేలిగ్గా బయటపడటం ఒకవైపు, మళ్లీ వచ్చే అవకాశం ఇంకోవైపు. ఇందులో మీరు దేన్ని భరించగలరో మీరే తేల్చుకోవాలి. డాక్టర్ మీ బదులు తేల్చేయకూడదు.

మూడోది, లేజర్‌తో టాన్సిల్స్ పూర్తిగా తీసేయడం. దీని మీద నాకు పెద్ద నమ్మకం లేదు. ఆపరేషన్ జరిగేటప్పుడు రక్తం తక్కువ పోవచ్చు, కానీ ఆ తర్వాత మానడం, నొప్పి తగ్గడం మామూలు పద్ధతికంటే మెరుగ్గా ఏమీ ఉండదు, కొన్నిసార్లు ఆలస్యమవుతుంది కూడా. ఇంగ్లండ్, ఉత్తర ఐర్లండ్‌లలో 2003, 2004ల్లో దాదాపు 34 వేల ఆపరేషన్లని లెక్కగట్టి చూస్తే, కరెంటు వేడితో, కోబ్లేషన్ అనే పద్ధతితో తీసినవాళ్లలో, మామూలు స్టీలు పరికరాలతో తీసినవాళ్లకంటే తర్వాతి రోజుల్లో రక్తస్రావం ఎక్కువని తేలింది. కొత్త పరికరం అంటే మంచి ఫలితం అనుకోవడానికి లేదు. అన్నట్టు, కోబ్లేషన్‌ని కూడా చాలాచోట్ల లేజర్ అనేస్తుంటారు. అది కాంతి కాదు. ఉప్పునీటిలో రేడియో తరంగాలు పంపి కండని కరిగించే పద్ధతి, వేడి 40 నుంచి 70 డిగ్రీల దాకానే ఉంటుంది. మంచి పద్ధతే, కానీ పేరు సరిగ్గా చెప్పని చోట మిగతావీ సరిగ్గా చెబుతారని ఎలా నమ్మడం?

ఏడాదికి రెండుసార్లు గొంతు నొప్పి, జ్వరం వస్తాయన్నారు. ఆ కారణంతో టాన్సిల్స్ తీయక్కర్లేదు. ఏడాదిలో ఏడుసార్లు, లేదా వరసగా రెండేళ్లు ఏటా ఐదుసార్లు, లేదా మూడేళ్లు ఏటా మూడుసార్లు టాన్సిలైటిస్ వస్తే అప్పుడు ఆలోచిస్తాం. మీరు ఆ లెక్కకి దూరంగా ఉన్నారు. నోరు తెరవలేనంత నొప్పి, మింగలేక ఉమ్మి కారిపోవడం, మాట ముద్దగా రావడం ఎప్పుడైనా జరిగితే మాత్రం అది టాన్సిల్ పక్కన చీము పట్టిన లక్షణం. ఆ రాత్రే ఆస్పత్రికి వెళ్లాలి.

ఇప్పుడు నా సలహా. కుడివైపు సంగతి తేలాక కూడా, లేజర్‌కి ముందు రెండు నెలలు ఆగండి. వాసన నిజంగా టాన్సిల్స్ నుంచే వస్తోందా అనేది ముందు చూద్దాం. నోటి దుర్వాసనకి ఎక్కువసార్లు కారణం నాలుక వెనకభాగం మీద పేరుకున్న పాచి, చిగుళ్ల జబ్బు. పళ్ల డాక్టర్‌కి ఒకసారి చూపించుకోండి. రోజూ నాలుక గీసుకునేటప్పుడు వీలైనంత వెనక దాకా వెళ్లండి. తిన్న ప్రతిసారీ గోరువెచ్చటి ఉప్పునీళ్లు పుక్కిలించండి. తల వెనక్కి వాల్చి, గొంతులో గరగరమనేలా. నీళ్లు ఎక్కువ తాగండి, గొంతు ఎండితే రాళ్లు త్వరగా కడతాయి. రాయి ఊడి పడిన రోజున, ఇంట్లో మీరు బాగా నమ్మే మనిషిని వాసన తగ్గిందేమో చెప్పమనండి. మొహమాటంగా ఉంటుంది, కానీ ఆ ఒక్క మాట మీకు వేల రూపాయలు మిగల్చొచ్చు. తగ్గితే కారణం టాన్సిల్సే. ఏ తేడా లేకపోతే లేజర్ చేయించుకున్నా ఆ తేడా రాదు. పిన్నీసులు, పుల్లలతో రాళ్లు పొడిచి తీయకండి. టాన్సిల్ నిండా రక్తనాళాలే. యాంటీబయాటిక్స్ వాడితే నాలుగు రోజులు తగ్గినట్టుండి మళ్లీ వస్తాయి, ఎందుకంటే గుంత అక్కడే ఉంది కదా.

ఇవన్నీ చేశాక కూడా మనుషుల పక్కన నిలబడలేని పరిస్థితే ఉంటే, అప్పుడు క్రిప్టోలైసిస్ మీకు సరైనదే. ఎవరో చిన్న సమస్య అంటారని వెనకాడకండి. మీకది చిన్నది కాదని మీ ఉత్తరమే చెబుతోంది.

చేయించుకుంటే ఒక్కటి గుర్తుపెట్టుకోండి. రెండో మూడో రోజుకి టాన్సిల్స్ మీద తెల్లటి పొర కడుతుంది. ఆరో రోజున ఒకావిడ ఏడుస్తూ వచ్చింది, చీము పట్టిందని, అప్పటికే ఇంట్లో ఉన్న యాంటీబయాటిక్ మూడు మాత్రలు వేసుకుని. అది చీము కాదు. మోకాలి గాయం మీద చెక్కు కట్టినట్టే, తడిగా ఉండే నోట్లో గాయం మీద అలా తెల్లగా కడుతుంది. గీకకండి. ఐదో రోజు నుంచి పదో రోజు మధ్య అది ఊడుతుంది, రక్తం వస్తే ఎక్కువగా అప్పుడే వస్తుంది. ఆ రోజుల్లో ఊరు ప్రయాణాలు పెట్టుకోకండి. చెవిపోటు కూడా వస్తుంది, చెవిలో ఏమీ ఉండదు, గొంతుకీ చెవికీ ఒకే నరం కొమ్మలు ఉండటం వల్ల అలా అనిపిస్తుంది. నొప్పిగా ఉందని నీళ్లు మానేస్తే నొప్పి ఇంకా పెరుగుతుంది. ఆస్పిరిన్ వేసుకోవద్దు. ఎర్రటి తాజా రక్తం వస్తే ముందుకి వంగి కూర్చుని ఉమ్మేస్తూ, మింగకుండా, వెంటనే ఆస్పత్రికి వెళ్లండి. రాత్రి రెండింటికి అలా జరిగితే ఎక్కడికి రావాలో, ఫోన్ ఎవరు ఎత్తుతారో ఆ క్లినిక్‌ని ముందే అడగండి. సరైన జవాబు రాకపోతే అక్కడ చేయించుకోకండి.

బాబు విషయం వేరు. వాడికి కావాల్సింది గుంతలు చదును చేయడం కాదు, ఊపిరాడే దారి. ఆరేళ్ల పిల్లాణ్ణి కుర్చీలో కూర్చోబెట్టి లేజర్ చేయడం కుదరదు, చేస్తామన్నా ఒప్పుకోకండి. పిల్లలకి పూర్తి మత్తు కావాలి, ముక్కు వెనక ఉండే, టాన్సిల్స్ లాంటివే అయిన ఎడినాయిడ్స్ కూడా చూడాలి. రోజూ గురక పెడుతూ, మధ్యలో ఊపిరి ఆగినట్టయి ఉలిక్కిపడి లేవడం, నోరు తెరిచి నిద్రపోవడం, మానేసిన పక్క తడపడం మళ్లీ మొదలవడం, పగలు చిరాకు, ఇవి ఉంటే ఆలస్యం చేయొద్దు. పిల్లల్లో పొడుచుకొచ్చిన భాగం మాత్రమే తీసే టాన్సిలోటమీ బాగా పనిచేస్తుంది, త్వరగా తింటారు, త్వరగా ఆడుకుంటారు. కొద్దిమందిలో మళ్లీ పెరుగుతుంది, చిన్న వయసులో చేస్తే ఆ అవకాశం ఇంకాస్త ఎక్కువ. దాన్ని లేజర్‌తో చేయాలా, ఇంకో పరికరంతోనా అన్నది సర్జన్ చేయి దేనికి అలవాటు పడిందో దాన్ని బట్టి ఉంటుంది. మీరు లేజరే కావాలని పట్టుబట్టకండి. పూర్తి మత్తులో గొంతులో లేజర్ వాడితే, శ్వాస గొట్టం, ఆక్సిజన్, వేడి మూడూ ఒకేచోట చేరతాయి, నిప్పు అంటుకునే ప్రమాదం ఉంటుంది. అందుకే లేజర్‌ని తట్టుకునే ప్రత్యేక గొట్టం, తగ్గించిన ఆక్సిజన్, చుట్టూ తడి గాజుగుడ్డ, ఇవన్నీ అలవాటైన ఆపరేషన్ థియేటర్‌లోనే చేయాలి. ఒకవేళ బాబుకి ఆపరేషన్ అయితే, తర్వాత నొప్పికి కోడీన్ ఉన్న మందు ఇవ్వకూడదు. కొందరు పిల్లల్లో అది ఊపిరినే ఆపేస్తుంది. దగ్గు సిరప్‌లలో కూడా ఉంటుంది, సీసా మీద చూడండి.

వాడు గాఢనిద్రలో ఉన్నప్పుడు ఛాతీ కనిపించేలా రెండు నిమిషాల వీడియో తీసి, మీ అపాయింట్‌మెంట్‌కి వెళ్లేటప్పుడు పట్టుకెళ్లండి. మీరెంత వర్ణించినా డాక్టర్‌కి అంత స్పష్టంగా తెలియదు. అదే రోజు మీ కుడి టాన్సిల్‌ని నొక్కి చూడమని అడగండి. ఏం చెప్పారో నాకు రాయండి, లేజర్ సంగతి అప్పుడు మాట్లాడుకుందాం.